దూదిపింజతో నేర్చుకున్న ఇంగ్లీషు

“నేర్పితే అరిగిపోతదా అత్తమ్మా? నోట్లె మాటనేనాయె,” అన్నది కోడలు.

“అరిగిపోదు. మనది మనకు గాకుంట పోతది,” అన్నాను.

“పిల్లలు. జోడీగ కూసొని చదువుకుంటాండ్రు. దాంట్ల మీకొచ్చిన కష్టమేంది?”

“పోటీల కప్పు జోడీకి ఇయ్యరు, ఒక్కదానికే ఇస్తరు. నీ బిడ్డ ప్రతి ఆదివారం క్లాసుకు పోయి తెచ్చుకున్నది. ఆ పక్క పోర్షన్ పిల్ల మన గడప మీద కూసొని ఊరికెనే ఎత్కపోతాంది.”

“మీరు చదివింది ఆరో తరగతి, అది సుత సగమే. ఇంగ్లీషు ముచ్చట మీకెందుకు? లోపల్కి పోయి జర పండుకోరాదుండ్రి.”

గడప మీద ఇద్దరు పిల్లలూ బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. బడిలో ఏదో ఇంగ్లీషు పోటీ ఉందట. నా మనవరాలు మళ్లా ఆ పిల్ల అరచేతిని తీసి తన గొంతు మీద పెట్టుకుని, “స్ అంటే గొంతు ఊకుంటది, జ్ అంటే వణుకుతది, చూడు,” అని చూపిస్తోంది. ఆ చేయి అట్లా గొంతు మీద ఉండగానే నాకు ఒళ్లు మండింది. మనవరాలిని రెక్క పట్టి లోపలికి గుంజాను. “పో, మీ అమ్మ పిలుస్తాంది,” అన్నాను ఆ పిల్లతో. ఎవరూ పిలవలేదు. ఆ పిల్లకూ తెలుసు. నోట్‌బుక్కు ఛాతీకి ఆనించుకుని మెట్లు దిగిపోయింది. నాకేం జాలి వేయలేదు.

కోడలికి తెలియని సంగతి ఒకటుంది. అది తన బిడ్డను ఆదివారం క్లాసుకు పంపి నేర్పిస్తున్న ఆ విద్య నాకు పదకొండో ఏటనే వచ్చు. గొంతు మీద చేయి పెట్టి నాకు నేర్పిన పిల్ల ఒకతి ఉండేది.

బాపు దుకాణం స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉండేది. ముందు గదిలో మిరపకాయల ఘాటు, లోపలి గదిలో బెల్లం వాసన, వెనక మేముండే ఇంట్లో నానమ్మ వేసే ఊదు పొగ. తల అంటుకుని వచ్చినా ఆ మూడూ కలిసిన వాసన నా లంగాను వదిలేది కాదు. బడిలో నన్ను మిరపకాయ బస్తా అనేవాళ్లు. నా పక్కన కూర్చునే పిల్లను దూది పిల్ల అనేవాళ్లు. వాళ్ల నాయన పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. ఎంత నూనె రాసి జడ వేసినా దాని తలలో తెల్లటి నూగు కనబడేది. “ముసలమ్మొచ్చింది, కర్ర ఇయ్యిండ్రే,” అని వెనక బెంచీ వాళ్లు ఎక్కిరించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

వాళ్లు ముసల్మానులు, కానీ ఇంట్లో మాలాగే తెలుగే మాట్లాడేవాళ్లు. నానమ్మ నాకు ఒకటే షరతు పెట్టింది. “దానితోని ఆడు, దానితోని చదువు. దాని చేతిది తిన్నవంటే మాత్రం నోరు పసుపు నీళ్లతోని కడుగుత.” వాళ్లమ్మ చేసే జొన్నరొట్టె, దాని మీద వెల్లుల్లి వేసి నూరిన ఎర్రకారం. నేను ఎట్లా ఊరుకుంటాను? గోడ వెనక నిలబడి తిని, ఇంటికి వస్తూ దుకాణంలో బెల్లం ముక్క గిల్లి బుగ్గన పెట్టుకునేదాన్ని. నానమ్మ నా నోరు వాసన చూసేది. బెల్లం దొంగతనానికి రెండు దెబ్బలు పడేవి. రొట్టెకయితే నాలుగు పడేవి, అందుకని నాకు లాభమే.

ఆ ఏడు వానలు తగ్గేటప్పటికి బడికి కొత్త ఇంగ్లీషు సారు వచ్చాడు. హైదరాబాదులో నెల రోజులు ఏదో ట్రైనింగు చేసి వచ్చాడట. మొదటి రోజే బోర్డు మీద మనిషి తలకాయను సగానికి కోసినట్టు బొమ్మ గీశాడు. ముక్కు, పెదవులు, పండ్లు, నాలుక, గొంతు గొట్టం అన్నీ పక్క నుంచి కనబడుతున్నాయి. ముందు బెంచీ పిల్ల ఒకతి భయపడి ఏడ్చింది.

“ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు,” అన్నాడు సారు. “గాని శబ్దాలు నలభైకి పైన. అక్షరాన్ని నమ్మినోడు మునుగుతడు. చెవిని నమ్ముండ్రి, నోటిని నమ్ముండ్రి. ఏ శబ్దానికి నాలుక ఏడ ఉండాల్నో, గాలి ఎట్ల పోవాల్నో తెలిస్తే చాలు.”

చెప్పింది మంచిదే. నేర్పిన పద్ధతి మాత్రం పాతదే. ఒక శబ్దం ఇచ్చి వరసగా అందరినీ అనమనేవాడు. తప్పు అన్నవాళ్లు నిలబడాలి. సరిగ్గా అన్న పిల్ల వాళ్లలో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. ముక్కు పట్టుకునేది తల పక్కకు తిప్పుకోకుండా. అప్పటి బళ్లలో అది అందరికీ తెలిసిన ఆచారమే. సారుకు చేయి నొప్పి పుట్టదు, పిల్లలకు ఒకరి మీద ఒకరికి కసి మిగులుతుంది.

ఆ రోజు ఇచ్చిన శబ్దం జూలో వచ్చే ‘జ్’. మన జమాలో జ కాదు, జొన్నలో జ కూడా కాదు. వాటికి నాలుక పైన ఒక్కసారి ఆని విడుస్తుంది. దీనికి ఆనకూడదు. సందులోంచి గాలి సాగుతూ ఉండాలి, గొంతు మోగుతూ ఉండాలి. ముప్పై మందిమి ‘జ, జ’ అని నిలబడిపోయాం. దూది పిల్ల లేచి తేనెటీగ చెవి పక్క నుంచి పోయినట్టు అన్నది. సారు ఆగిపోయాడు. “మళ్లా అను,” అన్నాడు. మళ్లా అన్నది.

“అందర్ని కొట్టు,” అన్నాడు.

అది మొదటి పిల్లను తాకీ తాకనట్టు కొట్టింది. సారు దాన్ని దగ్గరికి పిలిచి, “గట్ల కాదు, గిట్ల,” అని దాని ముక్కు పట్టుకుని చూపించాడు. దాని చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి. తర్వాత అది అందరినీ గట్టిగానే కొట్టింది. నా వంతు వచ్చింది. నాకు అప్పుడే కొత్తగా ముక్కు కుట్టించారు, పుండు ఆరలేదు. సరిగ్గా అక్కడే పట్టుకున్నది. చెంప సంగతి నాకు గుర్తు లేదు. పెదవి మీదికి నెత్తురు దిగిన వెచ్చదనం గుర్తుంది.

సాయంత్రం అది నా వెనకే వచ్చింది. “నొచ్చిందానే?”

“నీకెందుకు?”

“కొట్టకుంటే నన్ను కొడ్తడు. నువ్వు చూసినవ్ గదా.” నాతో సమంగా నడవడానికి అడుగు పెంచింది. “నేర్పుత, నేర్చుకుంటవా? వస్తే ఇగ నిన్ను కొట్టే పనుండది.”

“నీకెట్ల వచ్చు?”

పొద్దున్నే మసీదులో ఉస్తాదు దగ్గర చదువుకునేదట. అరబ్బీ అక్షరాలకు ఒక్కొక్కదానికీ నోట్లో ఒక్కొక్క చోటు ఉందట. గొంతు అడుగు నుంచి వచ్చేది కొంచెం పైకి వచ్చినా ఆయన మళ్లా చెప్పించేవాడట. “పండ్ల నడుమ నాలుక పెట్టేది ఉన్నది, తేనెటీగది ఉన్నది, కింది పెదవి మీద పండ్లు ఆనిచ్చేది ఉన్నది. సారు చెప్పేటియి సగం నాకు ముందే ఎరుక,” అన్నది. గొప్ప చెప్పుకున్నట్టు కాదు, ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో చెప్పినట్టు చెప్పింది.

వాళ్ల వాకిట్లో నా చదువు సాగింది. గొంతు మీద చేయి పెట్టించింది. ‘స్’కూ ‘జ్’కూ నోరు ఒక్కటే, గొంతు మోగడమే తేడా. ‘ఫ్’కూ ‘వ్’కూ అదే తేడా. ‘థింక్’ అనడానికి నాలుక కొన పండ్ల నడుమ పెట్టి గాలి వదలమన్నది. మన ‘థ’ కాదు, అది పండ్ల వెనక కొట్టేది. నా నాలుక బయటికి రానంటే తన నాలుక చాపి చూపించింది. ఇద్దరం నాలుకలు చాపుకుని కూర్చుంటే వాళ్లమ్మ, “ఏందే, దవాఖానల ఉన్నట్టు,” అని నవ్వింది.

ఒక రోజు అరచేతిలో దూదిపింజ పెట్టి నా నోటి ముందు పట్టింది. “పిన్ అను.” అన్నాను. పింజ కదలలేదు. అది అన్నది. పింజ ఎగిరి గోడకు అంటుకున్నది. ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో ‘ప’ను గాలి కొట్టి పలుకుతారని సారు చెప్పింది నాకు అప్పుడు అర్థమయింది. వాళ్ల నాయన లోపల ఏకుతూ ఉండేవాడు. విల్లు తాడు మీద కొయ్య గుండుతో ఒక్క పెద్ద దెబ్బ, తర్వాత రెండు చిన్నవి. “ఇంగ్లీషు మాట గట్లనే,” అన్నది అది. “అన్ని తావుల ఒక్క తీరుగ కొట్టొద్దు. ఒక్క తాన గట్టిగ, మిగిలినయి మింగెయ్యాలె. బ-నా-న అన్నప్పుడు నడుమ కొట్టు.” ఆ దెబ్బల మీద అరటిపండు అనే మాటను వంద సార్లు అని ఉంటాను.

నెలలో నాకు అన్నీ వచ్చాయి. ముక్కు మీద పుండూ ఆరింది. నన్ను కొట్టాల్సిన పని దానికి మళ్లా రాలేదు. మేమిద్దరం కలిసి మిగిలినవాళ్లను కొట్టేవాళ్లం.

కార్తీకంలో సారు ఒక సంగతి చెప్పాడు. హన్మకొండ ఆడపిల్లల బడిలో హాస్టల్ సీటు ఒకటి మా బడికి ఇస్తారట. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఇంగ్లీషు చదివించి ఒక పిల్లను ఏరుతుంది. తిండి, బట్ట, పుస్తకాలు వాళ్లవే. పదో తరగతి దాకా.

ఆ సాయంత్రం దూది పిల్ల నాతో పాటే ఇంటికి నడిచింది. వాళ్ల సందు మొదట్లో ఆగి, “మా నాయన చెప్పిండు. సీటు వస్తే చదువు, రాకపోతే బస్, ఇగ పనికి రావాలె అన్నడు. చలికాలం దూది ఏకుకుంట ఊర్లు తిరుగుడు ఉంటది,” అన్నది.

“నీకే వస్తది తీ,” అన్నాను.

“నాదాంట్ల ఏమన్న తప్పుంటె చెప్పవే. నీకు చెవి మంచిగున్నది. నాకు నేను ఇనబడ.”

తప్పు ఉన్నది. నాకు పదిహేను రోజుల కింద తెలిసింది. కాజీపేట రైల్వే గార్డు భార్య ఒకామె, ఇంగ్లీషే ఇంటి భాష అయినావిడ, మా దుకాణానికి వచ్చేది. బాపు ఆమెతో “ఇస్టేషన్” అన్నాడు. ఆమె నవ్వి, “నో నో, ముందట ఇ లేదు,” అని నన్ను చూసి, “స్‌స్‌స్, టేషన్,” అని ఆవిరి వదిలిన ఇంజనులా అని చూపించింది. నేను ఆ రోజంతా బస్తాల వెనక కూర్చుని అన్నాను. మా ఊళ్లో అందరం ఇస్కూల్, ఇస్టాండప్ అనే అంటాం. సారు కూడా అంతే. దూది పిల్ల ఉస్తాదు దగ్గర ఎన్ని నేర్చుకున్నా ఇది నేర్చుకోలేదు, అరబ్బీలో మాట మొదట రెండు హల్లులు కలిసి రావట. దానికి ‘స్’ తర్వాత ఇంకో హల్లు వస్తే ముందు ‘ఇ’ వచ్చి కూర్చునేది. సరిచేయడానికి ఒక్క పూట చాలు.

సరుకు ఎక్కడ దొరికిందో పక్క దుకాణం ఆయనకు బాపు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఆ ఇంట్లోనే పెరిగాను.

“ఏం తప్పు లేదు,” అన్నాను. “మొత్తం సారు లెక్కనే ఉన్నది.”

అది అబద్ధం కూడా కాదు.

ఇన్‌స్పెక్టరమ్మ తెల్లటి చీర కట్టుకుని వచ్చింది. పుస్తకంలోంచి ఒక పేరా చదవమన్నది. రైలు స్టేషనుకు వచ్చింది, పొగ వదిలింది, జనం దిగారు అనే పేరా. దూది పిల్ల ముందు చదివింది. గొంతు మోగాల్సిన చోట మోగింది, దెబ్బ పడాల్సిన చోట పడింది. ఇన్‌స్పెక్టరమ్మ తల ఊపుతూనే ఉంది. కానీ ‘ఇస్టేషన్’ దగ్గర ఒకసారి, ‘ఇస్మోక్’ దగ్గర ఒకసారి, ‘ఇస్ట్రాంగ్’ దగ్గర ఒకసారి పెన్సిలుతో గీత పెట్టింది. నేను ఆ గీతలనే చూస్తున్నాను.

తర్వాత నేను చదివాను. నా ‘జ్’ దానిదంత బాగా లేదు. కానీ స్టేషన్ స్టేషన్‌గా వచ్చింది.

“మొదటి అమ్మాయి మంచిగ చదివింది,” అన్నది ఇన్‌స్పెక్టరమ్మ. “గాని ప్రతి ఎస్ ముంగట ఐ పెడ్తున్నది. నాటు అలవాటు ఇది, తొందరగ పోదు. రెండో అమ్మాయిని రాయండి. సార్, మీరు ఇది చెప్పలేదా వీళ్లకు?”

సారు మొహం నల్లబడింది. ఆయనకే రాదు మరి. నలుగురిలో పోయిన పరువు ఎక్కడో తీర్చుకోవాలి. నా వైపు తిరిగి, “కరెక్టుగ అన్నది నువ్వు. కొట్టు,” అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితాలు సర్దుకుంటూ ఉంది, ఆపలేదు.

దూది పిల్ల తనంతట తనే మొహం ముందుకు పెట్టింది. ముక్కు పట్టుకున్నాను. మెల్లగా కొట్టొచ్చు. మెల్లగా కొడితే ఆమె ముందు సారు నన్ను కొట్టేవాడు కాదని కూడా నాకు తెలుసు. చేయి వెనక్కి తీసి కొట్టాను. చప్పుడుకు పక్క గదిలో ఎక్కాలు చదువుతున్న పిల్లలు ఆగిపోయారు.

అది ఏడవలేదు. ముక్కు వదిలాక మెల్లగా అడిగింది. “గిది నీకు ఎప్పటిసంది ఎరుక?”

“నువ్వు అడిగినప్పటి కన్న ముందటి సంది,” అన్నాను.

ఇంటికి పోయి సీటు సంగతి చెప్పాను. నానమ్మ బియ్యప్పిండి ఒత్తిన సర్వపిండి గిన్నె పొయ్యి మీద నుంచి దింపి కూర్చున్నది. “హాస్టలా? ఎవలు వండుతరో, ఎవలు వడ్డిస్తరో. అందరిని ఒక్క బంతిల కూసోబెడ్తరట. పెద్దమనిషి కావాల్సిన పిల్ల.” బాపు ఒక్క మాట అన్నాడు. “వద్దు. దుకాణంల నాకు మనిషి కావాలె. వచ్చిన చదువు చాలు.” అమ్మ నా కంచంలో అంచు మాడిన ముక్క వేసింది. నాకు అదే ఇష్టం. తిన్నాను. నేను అడగలేదు, బతిమాలలేదు. బాపు వద్దన్నాక అడిగితే ఏమవుతుందో తెలిసిన ఇల్లు మాది.

దీపాలు పెట్టే వేళకు దూది పిల్ల నాయన వచ్చాడు. వార్త అప్పటికే సందు సందూ తిరిగింది. దుకాణం మెట్టు కిందే నిలబడ్డాడు. కనుబొమల మీద నూగు అలాగే ఉంది.

“సేటూ, బిడ్డను పంపుతలేరట గదా.”

“పంపుతలేను.”

“అయితే జర సారుకు ఒక్క మాట చెప్పుండ్రి. మా బిడ్డ పేరు రాయమని. మీ మాట ఆయన కాదనడు, మీ దుకాణంల సామాను తీస్కపోతడు. పొద్దుగాల కాగితం పోతదట.”

బాపు మంచివాడే. తక్కెడ పక్కన పెట్టి లోపలికి తిరిగి నన్ను పిలిచాడు. “ఏమే, ఈయన బిడ్డకు ఇంగ్లీషు వస్తదా? నువ్వు పక్కకే కూసుంటవు గదా. వస్తదంటే ఇప్పుడే పోయి చెప్పొస్త.”

దూది ఏకే ఆయన నా వైపు చూశాడు. నాకు ఎన్నో సార్లు తన కంచంలోంచి రొట్టె తుంచి ఇచ్చిన మనిషి. వస్తది అంటే సరిపోయేది. మూడు అక్షరాల మాట.

నేను పోనిచోటికి అది పోతుంది. నాకు తాళం వేసిన తలుపు దానికి తెరుచుకుంటుంది. నా మనసులో ఉన్నది ఇంతే, ఇంకేమీ లేదు.

“రాదు బాపూ,” అన్నాను. “ఇన్‌స్పెక్టరమ్మే అన్నది, అందరి ముంగట. నాటు మాట, పోదు అన్నది.”

“ఇన్నవా మరి,” అన్నాడు బాపు ఆయనతో. “రాని పిల్లను పంపితే నా మాట పోతది.”

ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

తప్పయిందని ఏడుస్తూ రాయడం లేదు ఇది. ఏడవడం నాకు రాదు. ఇంగ్లీషు ముచ్చట మీకెందుకని కోడలు అన్నది కనుక రాస్తున్నాను. మా మనవరాలు కింది పెదవి మీద పండ్లు ఎక్కడ పెట్టిందో నేను పక్క గదిలోంచి వినే చెప్పగలను. అయినా ఇన్నేళ్లలో ఆటోవాడితో నేనెప్పుడూ ఇస్టేషన్ అనే అన్నాను, నలుగురూ అన్నట్టు. శుద్ధంగా అనాల్సిన పని నాకు ఒక్క రోజే పడింది. ఒకరు అడిగినప్పుడు ఉన్నది చెప్పడం ఎంత తేలికో, చెప్పకపోవడం కూడా అంతే తేలిక. ఆ సంగతి నాకు తెలుసు కనుకనే పక్క పోర్షన్ పిల్లను గడప ఎక్కనివ్వలేదు. అది మా పిల్లకేదో చేస్తుందని కాదు. మా పిల్లలో నా నెత్తురు ఉంది.

మర్నాడు పొద్దున సారు ఆ కాగితంలో పేరు రాసే చోట గీత కొట్టి పంపాడు. సీటు ఆ ఏడు వేరే బడికి పోయింది. దూది పిల్ల వాళ్ల నాయనతో ఏడు గంటల బండికి నెక్కొండ పోయింది. నేను బడికి పోలేదు. దుకాణం వెనక కూర్చుని మధ్యాహ్నం దాకా చింతపండులో గింజలు తీశాను.